డిస్క్ బ్రేకులు వేసిన ఎర్ర కారు

1969 ఎండాకాలానికి నా షెడ్డు దిల్‌సుఖ్‌నగర్‌లో, విజయవాడ రోడ్డు పక్కన ఉండేది. రెండు బండ్లు పట్టే రేకుల షెడ్డు. నేను నల్లగొండ జిల్లా నుంచి వచ్చినవాణ్ణి, మెట్రిక్ తప్పినవాణ్ణి. నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు మాన్యువల్స్ చదివి, పిస్టన్ల వైశాల్యం, పెడల్ మీద పడే బలం కాగితం మీద లెక్కగట్టడం సొంతంగా నేర్చుకున్నాను. నాతో పనిచేసే యాదగిరికి చదువు లేదు. బ్రేకు పని చేసిన ప్రతి బండినీ హయత్‌నగర్ దాకా నడిపి తెచ్చి, చక్రం మీద అరచెయ్యి పెట్టి చూసేవాడు. "చెయ్యి కాలిందంటే పని మళ్ల చెయ్యాలె" అనేవాడు.

అంతకుముందు చలికాలంలో సుబ్బారావు గారు వచ్చారు. కృష్ణా జిల్లా మనిషి, ప్రభుత్వ ఇంజనీరు, మలక్‌పేటలో కిరాయికి ఉండేవారు. ఒక పాత నవాబు గారింట్లో పన్నెండేళ్ల నాటి ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు కొన్నారు. ఎర్రది, రెండు సీట్లది. ఇప్పుడైతే క్లాసిక్ అని ఫొటోలు దిగుతారు. అప్పుడు అది విడిభాగాలు దొరకని పాత బండి. దానికి నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులు. అంటే చక్రంలో ఒక డబ్బా తిరుగుతుంటే, లోపలి నుంచి షూలు ఒత్తుకుని ఆపుతాయి. వేడి బయటికి పోదు. దిగుడులో రెండుసార్లు తొక్కితే మూడోసారికి పట్టు తగ్గేది. డిస్క్ బ్రేకులో పళ్లెం బయటే తిరుగుతుంది, ప్యాడ్‌లు రెండు పక్కల నుంచీ నొక్కుతాయి, గాలికి చల్లారుతుంది. ప్రమాదంలో నుజ్జయిన అదే రకం కొత్త కారు నుంచి ముందు చక్రాల డిస్కులు బొంబాయిలో కొన్నానని, అవి రాగానే బిగించి ఇమ్మని అడిగారు.

అప్పటికే ముల్కీ గొడవ మొదలైంది. ఉద్యోగాలు ముల్కీలకే, అంటే స్థానికులకే ఇవ్వాలన్న ఆందోళనతో కాలేజీలు మూతపడుతున్నాయి. యాదగిరి కారు చుట్టూ తిరిగి, "సార్, దీనికి ముల్కీ సర్టిఫికెట్ ఉన్నదా?" అన్నాడు.

సుబ్బారావు గారు పకపకా నవ్వారు. "ఇది ఇంగ్లండులో పుట్టిందయ్యా. నా కంటే పెద్ద నాన్‌ముల్కీ."

బొంబాయి సామాను వచ్చేసరికి ఎండలు ముదిరాయి, ఆ నవ్వులూ పోయాయి. ఒక సోమవారం ఆయన షెడ్డుకు నడిచి వచ్చారు.

"కమలకు ఏడో నెల, నర్సింలూ. విజయవాడలో పుట్టింట్లో దింపాలి. రైళ్లు ఏ రోజు నడుస్తాయో తెలీదు. మొన్న మా కిటికీ అద్దాలు పగలగొట్టారు. గురువారం పొద్దున్నకి బండి ఇవ్వగలవా?"

"ఇస్తా సార్" అన్నాను.

లెక్క ముందే వేసి పెట్టుకున్నాను. డిస్కు పిస్టన్ పెద్దది కాబట్టి ఎక్కువ బ్రేకు నూనె తాగుతుంది, పెడల్ ఇంకాస్త కిందికి దిగుతుంది. రెండు అంగుళాల మూడు సూత్‌లు దిగాలని నా లెక్క. సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. బుధవారం మధ్యాహ్నం బిగించి కొలిస్తే సరిగ్గా అంతే వచ్చింది. నాకు చాలా గర్వం కలిగింది.

ఆ రోజు హర్తాళ్. ఇప్పుడు ఎల్బీనగర్ చౌరస్తా అంటున్నచోట టైర్లు తగలబెట్టి రోడ్డు మూసేశారు. అందుకని షెడ్డు పక్క సందులోనే ఎనభై గజాలు నడపడం, ఆపడం, ఇరవై సార్లు చేశాం. ప్రతిసారీ గీత గీసినట్టు ఆగింది. తర్వాత యాదగిరి ముందు చక్రాన్ని జాకీ మీద లేపి చేత్తో తిప్పాడు.

"అన్నా, పెడల్ ఇడిచినంక గూడ చక్రం జర పట్టుకుంటున్నది."

"కొత్త ప్యాడ్‌లు రాసుకుంటయిరా. నాలుగు మైళ్లు పోతే అవే అరుగుతయి."

"హయత్‌నగర్ పోయి రానిదే ఇయ్యొద్దే."

నేను నా కాగితం చూపించాను. వాడు దాన్ని తిరగేసి పట్టుకుని, "గీ కాయితంల వేడి గూడ కనవడ్తదా?" అన్నాడు. నేను నవ్వాను.

గురువారం పొద్దున్నే రోడ్డు తెరిచారని తెలిసింది. సుబ్బారావు గారు భార్యతో వచ్చి, వెనక ఒక ట్రంకు పెట్టె కట్టుకుని వెళ్లిపోయారు. కమల గారు పొట్ట మీద చెయ్యి పెట్టుకుని జాగ్రత్తగా కూర్చోవడం చూశాను.

పెద్ద అంబర్‌పేట్ దగ్గర దిగుడులో, ముందురోజు అడ్డం పెట్టిన బండరాళ్లు ఇంకా తీయలేదు. సుబ్బారావు గారు వాటిని రెండు వందల గజాల ముందే చూశారు. తొక్కితే పెడల్ నేలకు ఆనింది. చేతి బ్రేకు లాగారు, చాల్లేదు, కారు రాళ్లను గుద్దుకుంది. అక్కడ టీ హోటల్ నడిపే దేవయ్య అనే ఆయన పరుగెత్తి ఇద్దర్నీ బయటికి లాగి, లారీలో దవాఖానకు పంపాడు. సుబ్బారావు గారికి తొడ ఎముక విరిగింది. కమల గారు బతికారు. కడుపులో బిడ్డ బతకలేదు.

రాళ్లు దేవయ్య హోటల్ ముందు ఉన్నాయి. "రాళ్ల పక్కన నిలబడింది ఇతనే" అని సుబ్బారావు గారు పోలీసులకు చెప్పారు. సాయంత్రానికి దేవయ్యను తీసుకెళ్లారు.

మర్నాడు కారును నా షెడ్డుకే లాక్కొచ్చారు. ముందు డిస్కులు రెండూ నీలిరంగుకు తిరిగి ఉన్నాయి. అది బాగా కాలిన ఇనుము రంగు. మాస్టర్ సిలిండర్, అంటే పెడల్ కింద నూనెను తోసే గొట్టం, విప్పాను. చివర చిటికెన గోరంత చెక్ వాల్వ్ ఉంది. డ్రమ్ బ్రేకుల కోసం పైపులో కొంచెం ఒత్తిడి ఎప్పుడూ నిలబెట్టడం దాని పని. డ్రమ్ములో షూలను వెనక్కి లాగే స్ప్రింగులుంటాయి, అందుకని ఆ ఒత్తిడి ఏమీ చేయదు. డిస్కుకు స్ప్రింగుల్లేవు. కాలు తీసినా ప్యాడ్‌లు నొక్కుతూనే ఉంటాయి. పది మైళ్లలో వేడెక్కి నూనె మరిగింది. నూనె ఉండాల్సినచోట ఆవిరి ఉంటే పెడల్ ఊరికే దిగిపోతుంది. ఆ వాల్వ్ నేను తీసేయాల్సింది. అది ఉందన్న ఆలోచనే నాకు రాలేదు.

కారు వచ్చిన తొమ్మిదో రోజు వాల్వ్‌ను కాగితంలో చుట్టుకుని దవాఖానకు వెళ్లాను. సుబ్బారావు గారి కాలికి బరువు కట్టి ఉంది. కమల గారు స్టూలు మీద కూర్చుని ఉన్నారు.

"సార్, తప్పు రాళ్లది కాదు. బ్రేకుది. నాది" అన్నాను. వాల్వ్ చూపించి అంతా చెప్పాను.

ఆయన నా చేతిలోకి చూడలేదు. "ఎవరు పంపారు నిన్ను?"

"ఎవ్వరు పంపలె సార్."

"ఇన్నాళ్లూ ఎక్కడున్నావయ్యా? మీవాణ్ణి లోపలేశాక గుర్తొచ్చిందా ఈ బ్రేకు? మీరూ మీరూ ఒకటి."

కమల గారు మెల్లగా అన్నారు. "హయత్‌నగర్ దాటకముందే కాలిన వాసన వచ్చిందండీ. మీతో చెప్పాను కదా."

"నువ్వు ఊరుకో కమలా."

ఆమె నా వైపు చూడలేదు.

పోలీస్ స్టేషన్‌లో రాసి ఇచ్చాను. అక్కడి అధికారి రెండు వాక్యాలు చదివి, "ఏ ఊరు నీది?" అన్నాడు.

"నల్లగొండ జిల్లా సార్."

"అనుకున్నా" అని కాగితం పక్కన పెట్టాడు.

కొన్ని వారాలకు, గొడవల్లో పట్టుకున్న మిగతావాళ్లతో పాటు దేవయ్యనూ వదిలేశారు. నా రాత వల్ల కాదు. ఆయన దగ్గరికి వెళ్లి నిజం చెప్పాను. పొయ్యి దగ్గర కూర్చుని చివరిదాకా విన్నాడు.

"ఆయమ్మను ఎత్తుకున్నప్పుడు నా చేతుల నిండ నెత్తురే. సారు గది జూడలె. నువ్వు ఎమ్మటే పోయి చెప్పుంటే నమ్మకపోవునా అన్నా?"

నమ్మేవారనే అనుకుంటాను. కారు వచ్చిన రోజే వెళ్లి ఉంటే నేను బ్రేకు విప్పి చూసిన మెకానిక్‌ని. తొమ్మిదో రోజుకు తెలంగాణవాణ్ణి అయిపోయాను. మా పనిలో తప్పును విప్పిన రోజే చెప్పాలి. తర్వాత అది ఎంత నిజమైనా, వినేవాడికి ఇంకేదో వినిపిస్తుంది.

ఆ తొమ్మిది రోజులూ లెక్క సరిచూసుకుంటున్నానని నాకు నేను చెప్పుకున్నాను. ఆరుసార్లు వేశాను. జవాబు మొదటిసారికే వచ్చింది.