మునెమ్మకు రావలసిన కవరు

తొమ్మిదేళ్లుగా ఒక మాట నా గొంతుకు అడ్డం పడి ఉంది. అన్నం తినేటప్పుడు ఉంది. పిల్లలకు జడలు వేసేటప్పుడు ఉంది. మా చెల్లెలు నవ్వుతూ ఫోన్ చేసినప్పుడు మరీ ఉంది. మా ఆయనకు చెప్పలేదు, అమ్మకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియాల్సిన పని లేదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది పుంగనూరు. నర్సు చదువు అయ్యాక మదనపల్లెలో ఒక ఆసుపత్రిలో కాన్పుల మీద జరిగే పరిశోధనలో పనికి చేరాను. పరిశోధన అన్న మాట పెద్దదే గానీ విషయం ఏ ఆడమనిషికైనా తెలిసిందే. మన కాన్పుల గదుల్లో బల్ల మీద ఒంటరిగా పడుకోబెడతారు. సెలైన్లో మందు కలిపి నొప్పులు పెంచుతారు. అవసరమున్నా లేకున్నా కోత పెడతారు. అరిస్తే తిడతారు. అట్లా కాకుండా, శిక్షణ పొందిన మిడ్‌వైఫ్ నర్సు ఒకామె మొదటి నొప్పి నుంచి బిడ్డ బయటపడేదాకా పక్కనే ఉండి, నడిపించి, నడుము రుద్ది, ధైర్యం చెబితే ఈ మందులూ కోతలూ తగ్గుతాయా? మేము తెలుసుకోవాలనుకున్నది అదే.

అందుకని వచ్చినవాళ్లలో సగం మందికి మిడ్‌వైఫ్‌ను ఇచ్చేవాళ్లం. మిగతా సగానికి మామూలు పద్ధతి. ఎవరికి ఏదో డాక్టర్లు తేల్చరు, మేమూ తేల్చం. వరుస నంబర్లు వేసి అంటించిన కవర్లు ఉంటాయి. వచ్చినామెకు అంతా వివరించి, సంతకం తీసుకుని, తర్వాతి కవరు చింపి చదవాలి. లోపల ఏముంటే అదే. ఆ కవర్లున్న బీరువా తాళం నా దగ్గరుండేది. నమ్మి ఇచ్చారు.

ఒకరోజు పొద్దున అమ్మ మా చెల్లెల్ని ఆసుపత్రికి తీసుకొచ్చింది. దానికి తొలి కాన్పు. పెదవులు ఎండిపోయి, నా కొంగు వదలడం లేదు. దానికి ఆ భయం నూరిపోసింది నేనే. డ్యూటీ నుంచి ఇంటికొచ్చి, ఎవరిని ఎట్లా తిట్టారో, ఎవరి తొడ మీద ఎట్లా చరిచారో వంటింట్లో కూర్చుని చెప్పేదాన్ని. అది వింటూ ఉండేది. పరిశోధనలో చేరితే తప్ప మిడ్‌వైఫ్ దొరకదు. సంతకం పెట్టించాను. బీరువా గదిలోకి వెళ్లి కవరు చింపాను. మామూలు పద్ధతి అని ఉంది.

అక్కడే ఆగిపోయి ఉంటే?

ఆగలేదు. తర్వాతి నంబరు కవరు తీసి, అంటించిన అంచును నీళ్లతో తడిపి, మెల్లగా విప్పాను. అందులో మిడ్‌వైఫ్ అని ఉంది. కాగితాలు అటుదిటు, ఇటుదటు మార్చాను. రెండో కవరును జిగురుతో మళ్లీ అంటించాను. అందులోనూ మామూలు పద్ధతే ఉంటే మూడోది విప్పేదాన్నా? విప్పేదాన్ననే అనుకుంటాను. ఒక టీ తాగినంత సేపు కూడా పట్టలేదు. ఇప్పటికీ నన్ను భయపెట్టేది అదే. ఆ రెండో కవరు ఇంకా ఎవరిదీ కాదు కదా అనుకున్నాను. పేరూ ముఖమూ తెలియని మనిషికి అన్యాయం చేయడం ఎంత తేలికో ఆరోజు నాకు తెలిసింది.

మధ్యాహ్నం ఆ కవరుకు మనిషి వచ్చింది. పేరు మునెమ్మ అనుకోండి. కుప్పం దగ్గర పల్లెలో పుట్టింది. తల్లి లేదు. కాన్పుకు పుట్టింటికి పోయే వీలు లేక, సోమల దగ్గర అత్తగారి ఊరి నుంచే వచ్చింది. వెంట ముసలి అత్త. ఆమెను కాన్పుల గదిలోకి రానివ్వరు. నేను అందరికీ చెప్పినట్టే మునెమ్మకూ అంతా వివరించాను. పదో తరగతి దాకా చదివిందట, ముత్యాల్లాంటి అక్షరాలతో సంతకం పెట్టింది. ఆమె కళ్లముందే కవరు చింపి చదివాను.

"అయితే నా తోడు ఎవురూ ఉండరా అక్కా?"

"నీ చీటీలో రాలేదు మా. ఎట్ల వస్తే అట్లే. మన సేతిలో ఏముండాది?"

"మాయమ్మ కూడా లేదక్కా. సెయ్యి పట్టుకోని నిలబడేదానికి ఎవురన్నా ఉంటే సాలు."

"భయపడొద్దు. నేనీడే ఉంటాను గదా."

ఉండలేదు. చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయాను.

మా చెల్లెలిని మిడ్‌వైఫ్ సిస్టర్ వరండాలో నడిపించింది. నొప్పి వచ్చినప్పుడల్లా దాని నుదుటికి నుదురు ఆనించి ఊపిరి తీయించింది. సాయంత్రానికి కోత లేకుండా ఆడపిల్ల పుట్టింది. నేను మేనకోడల్ని ఎత్తుకుని నిలబడి ఉన్నప్పుడు కాన్పుల గది నుంచి మునెమ్మ అరుపు వినబడింది. విన్నాను. విని, పసిబిడ్డ ఉలిక్కిపడుతుందని నాకు నేనే చెప్పుకుని, చెల్లెలి గది తలుపు మూశాను.

ఆరోజు గదిలో ఆడవాళ్లు ఎక్కువ, సిస్టర్లు తక్కువ. మందు పెట్టి నొప్పులు పెంచారు. కడుపు మీద నొక్కారు. కోత పెట్టారు. ఆ కోత కిందికి, మలద్వారం దాకా చిరిగింది. హడావుడిగా కుట్లు వేశారు. బిడ్డ బాగుంది. రికార్డులో తల్లీబిడ్డా క్షేమం అని రాశారు.

ఆర్నెల్ల తర్వాత ఒక్కొక్కరినీ కలిసి ప్రశ్నలు అడగాలి. మునెమ్మ అప్పటికే కుప్పంలో అన్న ఇంటికి చేరిందన్నారు. పలమనేరులో బస్సు మారి వెళ్లాను. నన్ను చూసి సంతోషపడింది. చాప వేసింది గానీ తను కూర్చోలేదు, గడప దగ్గరే నిలబడింది. ప్రశ్నలు అయిపోతున్నాయనగా గొంతు తగ్గించి చెప్పింది.

"ఎవురికీ సెప్పలేదక్కా. దొడ్డికి వస్తే ఆపుకోలేకుండా ఉండాను. బస్సెక్కను, పెండ్లికి పోను. గుడ్డలు ఉతుక్కునేదానికే పొద్దు సరిపోతాండాది. మాయాయన వాసన ఓర్సుకోలేక ఈడ ఇడిసిపెట్టి పోయినాడు."

అదీ కాగితంలో రాసుకున్నాను. అప్పుడే తను అడిగింది.

"ఆ పొద్దు సీటీలో తోడుమనిషి వచ్చినామె ఉంటాది గదక్కా ఎవురో ఒకరు. ఆమె బాగుండాదా?"

"బాగుండాది," అన్నాను.

"పోనీలే. ఆమెకన్నా బాగయింది."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే తట్టుకునేదాన్నేమో.

తర్వాత నేను ఊరుకోలేదు. వేరే ఊళ్లో పెద్దాసుపత్రికి నేనే తీసుకెళ్లి మళ్లీ ఆపరేషన్ చేయించాను. చాలావరకు నయమైంది, పూర్తిగా కాదు. మొగుడు తిరిగి రాలేదు. ఇంటికి వచ్చేసే రోజు బస్టాండులో మునెమ్మ నా రెండు చేతులూ తీసుకుని కళ్లకు అద్దుకుంది. అప్పుడు చెప్పి ఉండాల్సింది. చేతులు వెనక్కి లాక్కుని, బస్సు వచ్చిందన్నాను.

పక్కన మనిషి ఉండి ఉంటే మునెమ్మకు అలా జరిగేది కాదా? తెలియదు. ఉన్నా జరిగి ఉండొచ్చు. ఈ "ఉండొచ్చు"ను పట్టుకునే ఇన్నేళ్లూ బతికాను. కానీ తన పక్కన ఎవరూ లేకపోవడం ఖాయం, దానికి కారణం నేనేనన్నదీ ఖాయం. పరిశోధన కూడా పూర్తయింది. మిడ్‌వైఫ్‌లు పక్కనుంటే మేలని తేలింది. అది నిజమనే నా నమ్మకం. కానీ ఆ పట్టికల్లో బాగున్నవాళ్ల వరుసలో మా చెల్లెలు, బాగాలేనివాళ్ల వరుసలో మునెమ్మ ఉన్నారు. వాళ్లనక్కడ పెట్టింది విధి కాదు, నేను. మా చెల్లెలికి ఇవేవీ తెలియవు. కూతురి పుట్టినరోజు వచ్చినప్పుడల్లా, "మిడ్‌వైఫ్ రావడం నా అదృష్టం అక్కా," అంటుంది. దాని సంతోషానికి మచ్చ ఎందుకని నోరు మూసుకున్నానని చెప్పుకుంటాను. ఉద్యోగం పోతుందని మూసుకున్నాను. అది నిజం.

పోయిన వారం ఆ పరిశోధన నడిపిన డాక్టరమ్మకు రెండు కవర్ల నంబర్లూ రాసి పంపాను. జవాబు ఇంకా రాలేదు. మునెమ్మ దగ్గరికి మాత్రం వెళ్లలేదు. వెళ్లి చెబితే అది తన కోసమా, నా కోసమా? నన్నొక్కదాన్నైనా దేవతలా చూస్తున్న మునెమ్మ నుంచి అది కూడా లాక్కోవాలా? లేక ఇది కూడా తప్పించుకోవడానికి నేను వెతుక్కున్న కొత్త సాకేనా? సాకేననిపిస్తుంది. అయినా కాళ్లు కదలడం లేదు.

క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించగలిగిన మనిషి మీరు కారు. ఆ కవరు మునెమ్మది. నేను తీసుకున్నాను. ఈ రెండు మాటలూ బయటికి రావడానికి తొమ్మిదేళ్లు పట్టింది. రాశాక ఏమీ మారలేదు. ఊపిరి మాత్రం కొంచెం లోపలిదాకా వెళ్తోంది.