అక్కతో మాన్పించిన మందు

మొన్న తార్నాకలో మందుల షాపుకు వెళ్తే, నా ముందున్నాయన బీపీ మాత్రల పట్టీని అటూ ఇటూ తిప్పుతూ, "దీంతోని మొత్తానికే పోతదా, ఊకె అణుగుతదా?" అని అడిగాడు. షాపతను నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఒకప్పుడు నేనూ అదే ప్రశ్న అడిగి, జవాబు కూడా నేనే చెప్పుకున్నాను.

మా అక్కకు ఆస్తమా. యూనివర్సిటీ లైబ్రరీలో ఉద్యోగం, అడిక్‌మెట్‌లో ఇల్లు. పాత పుస్తకాల దుమ్ముకు ఆమె తుమ్మడం మొదలుపెడితే చదువుకునే పిల్లలు తలలెత్తి లెక్కపెట్టేవాళ్లు. పొద్దున, సాయంత్రం ఇన్‌హేలర్ పీల్చేది. అదీ కొంగు చాటున, దొంగతనంగా నశ్యం పట్టినట్టు. చూస్తే నాకు చిరాకు. అదే క్యాంపస్‌లో కెమిస్ట్రీ పాఠాలు చెప్పేవాణ్ణి కదా, మందుల గుట్టంతా నాకే తెలుసనుకునేవాణ్ణి. "ఎన్నేళ్లు పీలుస్తవక్కా? అది రోగాన్ని లోపల్నే తొక్కిపెడుతది. యాడ పుడుతదో గాడ పట్టుకోవాలె" అనేవాణ్ణి. చివరికి వారాసిగూడలో ఒక వైద్యుడి దగ్గరికి నేనే తీసుకెళ్లాను. నలభై రోజులకు పొడి ఇచ్చి, "ఇన్‌హేలర్ బంద్ చెయ్యాలె. ముందుగాల జర ఎక్కువైతది, భయపడొద్దు. రోగం బయటికి పోతున్నట్టు" అన్నాడాయన.

మమ్మల్ని ముంచింది ఆ మాటే. రెండో వారానికి అక్క మాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవడం మొదలైంది. వెల్లకిలా పడుకోలేక గోడకు ఆనుకుని కూర్చునేది. నేను వెళ్లి చూసి సంతోషించాను. "మంచిదేనక్కా, బయటికి పోతున్నది" అన్నాను. ఆమె తలూపింది. చదువుకున్న తమ్ముడు చెబుతున్నాడు మరి.

ముప్పై నాలుగో రోజు మధ్యాహ్నం లైబ్రరీ నుంచి ఫోన్ వచ్చింది. పరుగెత్తుకుంటూ వెళ్లేసరికి మెట్ల మీద కూర్చుని ఉంది. పెదవులు నీలంగా ఉన్నాయి. నా చెయ్యి పట్టుకుని ఏదో చెప్పబోయింది, మాట రాలేదు. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాను. ఐదు రోజులు ఐసీయూలో ఉంచారు. డాక్టరమ్మ కోప్పడకుండానే చెప్పింది: "రోజూ పీల్చేది ఊకె ఆయాసం ఆపేదనుకున్నరా సార్? ఊపిరి గొట్టాల్ల వాపు తగ్గించేదే అది. రోగం పుట్టే కాడ పనిచేసే మందునే మీరు బంద్ చేయించిన్రు."

అక్క బతికింది. కానీ ఇంటి నుంచి లైబ్రరీకి నడిచి వచ్చే మనిషి ఆ తర్వాత ఆటో లేకుండా రాలేకపోయేది. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజు, తప్పయిపోయిందని నేను నోరు తెరవగానే అడ్డుపడింది.

"నా మంచికే చెప్పినవ్ తమ్మీ. గది నాకు తెల్వదా? కానీ నాకు దమ్ము ఆడకుంటే నువ్వు నవ్వుకుంట నిలబడ్డవ్ సూడు, గదొక్కటి యాదికొస్తది."

ఏళ్లు గడిస్తే ఆ ముప్పై నాలుగు రోజులూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి మసకబారతాయనుకున్నాను. గడిచేకొద్దీ ఒక్కో రోజూ విడివిడిగా, మరింత దగ్గరికొస్తోంది.