ఖాళీగా వచ్చిన గిన్నె

మూడో డబ్బా మూత కూడా రాకపోయేసరికి గరిట కాడ దూర్చి ఎత్తాను. అది ఒక్కసారిగా ఊడి పిండి నా ముక్కుదాకా లేచింది. చోడిపిండి, కొన్నివైపుల రాగిపిండి అంటారు. ముక్కిపోయిన వాసన, సన్నటి బూజు దారాలు, ఇంకేముంది, పురుగు పట్టేసింది. ఈ గోపాలపట్నం ఇంట్లో ఇప్పుడు నలుగురం. పిల్లలు బడికెళ్ళారు, ఈయన డ్యూటీకెళ్ళారు, జల్లెడ ముందేసుకుని నేనొక్కదాన్నే కూర్చున్నాను. కూర్చున్నానన్న మాటేగానీ ఆ వాసన నన్నిక్కడ ఉండనివ్వలేదు. చెయ్యి పట్టుకుని కంచరపాలెం లాక్కుపోయింది, పెళ్ళయిన కొత్తలో మేమున్న ఒకటిన్నర గదిలోకి. ఒకటి పడుకోడానికి, అర వంటకి.

మాది గోదావరివైపు. పుట్టింట్లో పూటకి పధ్నాలుగు కంచాలు లేచేవి, వంటంటే నాకు తెలిసిన కొలత అదే. ఈయనకి పోర్టులో పనొచ్చాక, కాపురం పెట్టించడానికి అత్తగారు నాలుగు రోజులు వచ్చి ఉండి, వెళ్ళేటప్పుడు రెండు మాటలు చెప్పారు. "డబ్బాలు నిండుగా ఉంచుకో. షిఫ్టుల మనిషి, ఏ వేళకొచ్చినా పది నిమిషాల్లో కంచం పెట్టాలి" అన్నది మొదటిది. రెండోది గొంతు తగ్గించి చెప్పారు. "పక్కవాళ్ళు కిరస్తానీలు. మాట్లాడితే మాట్లాడు గానీ, వాళ్ళింట్లో చెయ్యి కడగకు." అంటే వాళ్ళ చేతి తిండి ముట్టొద్దని. నేను ఏడో తరగతితో ఆగిపోయినదాన్ని. పెద్దలు చెప్పింది చెప్పినట్టు చెయ్యడంలో మాత్రం ఫస్టు క్లాసు. కందిపప్పు, పెసలు, ఉలవలు, అటుకులు, నువ్వులు, బెల్లం, చోడిపిండి, అన్నీ పధ్నాలుగు మందికి సరిపడా తెచ్చి నింపేశాను. ఈయన చూసి "ఇది వంటిల్లటే, రేషను డిపోనా" అన్నారు. నవ్వుకున్నాం. కానీ తినేదెవరు? డ్యూటీ దిగి వచ్చి, "క్యాంటీన్లో తినేసొచ్చానే, నువ్వు తినెయ్" అని గోడవైపు తిరిగి పడుకునేవారు. మంచి మనిషే, అలసట ఆయనది. పగటిపూట ఆయన నిద్ర చెడకుండా గిన్నె చప్పుడు కానివ్వకుండా వండుకుని, ఒక్కదాన్నే తినేదాన్ని. అసలే వాగుడుకాయని. వినే మనిషి లేక, పప్పు కడుగుతూ పప్పుతోనే మాట్లాడేదాన్ని. గూడ్సు బండి వెళ్ళినప్పుడు డబ్బాల మూతలన్నీ గలగలమనేవి, అదే నాకు జవాబు.

మాకూ పక్కింటికీ మధ్య నడుమెత్తు గోడ. అవతలావిణ్ణి వీధంతా అప్ప అనేది, అంటే అక్క. నేనూ అలాగే పిలిచేదాన్ని. ముగ్గురు పిల్లలు, మొగుడు బోటు మీద వేటకెళ్తే ఎప్పుడొస్తాడో తెలీదు. తెల్లారకముందే ఫిషింగ్ హార్బరుకి పోయి, రొయ్యలు ఏరే పని చేసి, ఎండెక్కే వేళకి వచ్చేసేది. ఒకరోజు గోడమీంచి నా డబ్బాల వరస చూసింది. "ఏటే గుంటా, ఎవుల్ని పిలిసినావ్ బోయినానికి? రైలు దిగినోళ్ళందర్నీనా?" అంది. ఆవిడవి ఐదే డబ్బాలు. చోడిపిండి, దోరగా వేయించిన పెసరపప్పు, ఉలవలు, అటుకులు, ఎండు నెత్తళ్ళ చేపలు దంచిన పొడి. వాటితోనే ఆ ముగ్గురు పిల్లలూ రాళ్ళలా ఉండేవారు. "పొయ్యి ముట్టించినాక ఆలోసించకూడదే. ఆ ఆలోసనేదో ముందే డబ్బాలో ఎట్టీయాలి" అనేది. పప్పు వేయించి ఉంచుకుంటే బేగి ఉడుకుతుందనీ, ఉలవలు రాత్రే నానేసి పొద్దున్న మునగాకుతో పొయ్యెక్కించమనీ, ఈ సముద్రపు గాలికి పిండి వారానికి మించి పట్టించొద్దనీ ఆవిడే నేర్పింది. అన్నీ విన్నాను, ఆ చివరిది తప్ప. డబ్బా సగానికి దిగితే నాకు గుబులు. నిండుగా ఉంటే ఎవరో ఒకరు తినడానికి వస్తారని ఎక్కడో ఆశ.

అప్ప హార్బరు నుంచి రాగానే పిల్లలకి పోసి, గోడమీద నాకూ ఒక గిన్నె పెట్టేది. రాత్రి కాచి పులియబెట్టిన చోడి అంబలి, పైన నాలుగు ఉల్లిపాయ ముక్కలు. నేను నవ్వుతూ తీసుకుని, పెరట్లో కుళాయి పక్క తూములో పారబోసేదాన్ని. ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదు కదా, అందుకని శుభ్రంగా తోమి, గుప్పెడు పెసరపప్పో, రెండు బెల్లం ముక్కలో వేసి గోడమీద పెట్టేదాన్ని. "ఎలగుందే?" అనేది. "బాగుందప్పా" అనేదాన్ని. పారబోసే ముందు వాసన మాత్రం పీల్చేదాన్ని, పుల్లగా, కమ్మగా ఉండేది. నేనిచ్చినవి వాళ్ళు మాత్రం తినేవారు. వాళ్ళ చిన్నది బెల్లం ముక్క బుగ్గన పెట్టుకుని, ఇదిగో చూడు అన్నట్టు గోడమీంచి బుగ్గ చూపించేది.

ఒకరోజు గిన్నె వంచుతూ తలెత్తితే, అప్ప గోడ దగ్గర నిలబడి ఉంది. ఉల్లిపాయ ముక్కలు తూము మీద జాలీకి తట్టుకుని ఆగిపోయాయి. తిడుతుందని చూశాను. తిట్టినా బాగుండేది. "కడుపులో బాలేదప్పా" అన్నాను.

"ఎన్నాళ్ళ నుంచే?" అంది. అంతే, లోపలికి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం గబగబా అటుకుల ఉప్మా చేసి, నా గిన్నె నిండా పెట్టి గోడమీద ఉంచాను. తీసుకుంది. కాసేపటికి గిన్నె తిరిగొచ్చింది. తోమి, తుడిచి, ఖాళీగా. మా వీధిలో కుళాయి దగ్గర జుట్లు పట్టుకున్నవాళ్ళు కూడా చిటికెడు పంచదారైనా వేసి గిన్నె పంపేవారు. ఒట్టి గిన్నె వచ్చిందంటే ఇక మాటల్లేవని.

తర్వాత పన్నెండు రోజులు గోడమీద ఏమీ లేదు. ఆ గిన్నె కోసమే నేను పొద్దున్నే జడ వేసుకునేదాన్నని అప్పుడు తెలిసింది. పన్నెండో నాటి సాయంత్రం చోడిపిండి డబ్బా తీస్తే, ఇదిగో, ఇదే వాసన. పెసలు పుచ్చిపోయాయి, అటుకులు మెత్తబడిపోయాయి. పెరటి గుమ్మంలో కూర్చుని చాటలో పోసి చెరుగుతుంటే ఏడుపు ఆగలేదు. డ్యూటీకి బయల్దేరుతున్న ఈయన ఆగి, "పిండే కదే, మళ్ళీ పట్టించుకోవచ్చులే" అన్నారు. "పిండి గురించి కాదండీ" అన్నాను. ఆయన వెళ్ళిపోయారు. గోడవతల అప్ప అంట్లు తోముతోంది. నా వైపు చూడకుండా, చేతిలో తపేలాతో అన్నట్టు అంది. "పురుగుదేటి తప్పు? తినీవోళ్ళు లేనికాడ అదే తింటాది."

మర్నాడు పొద్దున్న అప్ప హార్బరు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కునేదాకా చూశాను. ఖాళీగా వచ్చిన ఆ గిన్నె పట్టుకుని, గోడ దగ్గరికి కాదు, వీధిలోంచి చుట్టూ తిరిగి వాళ్ళ గుమ్మంలోకి వెళ్ళాను. ఏమీ వెయ్యకుండా ఒట్టి గిన్నె చాచడం నాకదే మొదలు. "అంబలి పొయ్యప్పా. ఇక్కడే తాగుతాను" అన్నాను. అప్ప నన్ను చూసింది, గిన్నె చూసింది. చిన్నదాన్ని పక్కకి జరిపి చాప మీద చోటు చేసింది.

"ముందు సెయ్యి కడుక్కో" అంది.

కడుక్కున్నాను. కంచరపాలెం వచ్చి అప్పటికి పదకొండు నెలలు. కానీ ఇప్పుడు తలుచుకుంటే, నేనా ఊరు చేరింది ఆ పొద్దున్నేనేమో అనిపిస్తుంది.