నా బుగ్గ మీది సొన మచ్చ

మా చిన్నప్పుడు మామిడికాయ తొడిమ విరిచేటప్పుడు కాయని అవతలికి తిప్పి పట్టుకోమని పెద్దవాళ్లు వందసార్లు చెప్పేవాళ్లు... సొన చివ్వున చిమ్ముతుంది కదా. మొహాన పడితే కాలినట్టే బొబ్బలెక్కుతుంది.

నూజివీడు పక్కన ఒక తోటలో మా నాన్న చిక్కంతో కాయలు కోసేవాడు. చిక్కమంటే పొడుగాటి వెదురు చివర కట్టిన వల. కింద ఆడపిల్లలం గుండ్రంగా కూర్చుని తొడిమలు విరిచి, సొన కారిపోయేలా కాయల్ని ఆకుల మీద బోర్లించేవాళ్లం. ఆ తోట గుత్తకి తీసుకున్నాయన కూతురు సుశీల. నా ఈడుదే. దానికి పని చెయ్యాల్సిన అవసరం లేదు... సెలవుల్లో నా కోసం వచ్చి పక్కన కూర్చునేది.

ఒకరోజు కబుర్లలో పడి కాయని నావైపు తిప్పి విరిచేసింది. నా ఎడమ బుగ్గ భగ్గుమంది. మా నాన్న పరుగెత్తుకొచ్చేలోపే సుశీల ఏడుపు మొదలుపెట్టింది.

"మంగా, మా నాన్నకి చెప్పకే... ఇంకెప్పుడూ తోటలోకి రానివ్వడు."

నేనే విరిచానని చెప్పాను. మా అమ్మ "కళ్లు నెత్తినెట్టుకున్నావా" అని తిట్టిపోసింది. మూడు రోజులు ఆ వైపు కన్ను తెరుచుకోలేదు. సుశీల వాళ్లింట్లోంచి వెన్న కొంగు చాటున తెచ్చి రోజూ రాసేది. రాస్తూ రాస్తూ, "నేను డాక్టర్నయి ఈ మచ్చ తీసేస్తా చూడవే" అనేది...

నా చదువు ఐదో తరగతితో ఆగింది. అది నిజంగానే డాక్టరయింది. నూజివీడు బస్టాండు దగ్గర ఆసుపత్రి పెట్టింది. చెట్టు మీంచి పడ్డవాళ్లు, సొన పడి మొహాలు వాచినవాళ్లు, కాన్పుకొచ్చినవాళ్లు... ఇటు బాపులపాడు నుంచి, అటు చాట్రాయి నుంచి వచ్చేవాళ్లు. హస్తవాసి మంచిదని పేరు. నేను వెళ్తే పదిమంది ముందూ నా గడ్డం పట్టుకుని, "నేను డాక్టర్నయింది దీని మూలంగానే. ఈ మచ్చ నా నిర్వాకమే" అని నవ్వేది. మచ్చ మాత్రం పోలేదు లెండి. ఆ మాట వింటే పోయినట్టే ఉండేది నాకు.

ఎన్నికలప్పుడు సుశీలని ఎంపీగా నిలబడమని ఎవరో అడిగారట. ఎండలో తిరిగితే కళ్లు తిరుగుతాయేమో, ఓడిపోతే తట్టుకోలేదేమో, గెలిస్తే ఆ ఢిల్లీ చలికి పడదేమో... అన్నీ బెంగలే నాకు. అయినా మా పేటలో ఇల్లిల్లూ తిరిగాను. "మన డాక్టరమ్మ అండీ, మన బాధలు తెలిసిన మనిషి" అని చెప్పాను. గెలిచింది. ఆసుపత్రికి తాళం పడింది. మళ్లీ తెరుస్తుందేమోనని ఆటో ఎక్కి వెళ్లి, తాళం చూసి తిరిగొచ్చేదాన్ని.

మొన్న కోతలప్పుడు మా ఊళ్లో సభ పెట్టారు. చిన్ననాటి స్నేహితురాలినని నన్నూ పైకెక్కించి డాక్టరమ్మ పక్కనే కుర్చీ వేశారు. నన్ను కూడా మాట్లాడమంటారేమోనని పొద్దున్నుంచి ఒకటే కంగారు.

సుశీల మైకు అందుకుంది. "నేనూ మీలాగే మామిడితోటలో కూలికెళ్లిన పిల్లనండీ. తొడిమ విరుస్తుంటే సొన చిమ్మి నా బుగ్గ కాలిపోయింది. చూపించుకుందామంటే డాక్టరు లేడు. ఆ రోజే అనుకున్నా, నేనే డాక్టర్నవ్వాలని" అంది.

ఒకటే చప్పట్లు. ముందు వరసలో ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. పొరపాటున అని ఉంటుంది, ఇప్పుడు నావైపు తిరిగి సర్దుకుంటుంది అని చూస్తూ కూర్చున్నాను...

కింద నుంచి ఒక ముసలాయన, "మరి మచ్చేదమ్మా?" అని అరిచాడు.

"డాక్టర్ని కదా బాబాయ్, నాకు నేనే మందు రాసుకున్నా!" అంది. అందరూ పడీపడీ నవ్వారు.

వచ్చి కూర్చుని నా చెవి దగ్గరకి వంగింది. "ఏమనుకోకే మంగా. జనానికి ఇలా చెబితేనే ఎక్కుద్ది."

ఫోటోలు తీసేవాళ్లు ముందుకొచ్చారు. సుశీల నవ్వు మొహంతోనే నా కొంగు లాగి, నా ఎడమ బుగ్గ మీదుగా కప్పింది. "ఎండగా ఉందే" అంది. షామియానా కింద ఎండెక్కడిదండీ...

అప్పుడు వెన్న రాసిన చెయ్యే అది.

కూలి పిల్లనని చెప్పుకుంటే చెప్పుకుంది. ఓట్ల కోసం ఏవో అంటారని సరిపెట్టుకునేదాన్ని. కానీ దాని తప్పు నా మీద వేసుకుని, మా అమ్మ పోయేదాకా ఆమెకి కూడా నిజం చెప్పలేదు నేను. ఆ నొప్పి నాది. ఆ అబద్ధమూ నాదే. రెండూ పట్టుకుపోయింది.

ఇంటికొస్తే నా మనవరాలు ఫోన్లో ఆ ఉపన్యాసం చూస్తోంది. "అమ్మమ్మా, డాక్టరమ్మకి పడ్డట్టే నీకూ సొన పడిందా? భలే!" అంది. నిజం చెబితే ఎవరితో అంటుందో, ఎవరు ఇంటి మీదకొస్తారో అని రెండు రోజులు నాన్చాను. మూడో రోజు కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. అది నా బుగ్గ మీద వేలు పెట్టి మచ్చ పొడుగునా నిమిరింది... ఇది రాయడానికి ధైర్యం అక్కడిదే. పోస్టు చేశాక మళ్లీ తీసేయాలనిపిస్తుందేమో, అదో భయం.

ఇప్పుడు కోతకి కత్తెరలొచ్చాయి. సొన మొహాన పడేవాళ్లు తక్కువ. పడ్డా పూసుకోవడానికి మందులున్నాయి. పక్కవాళ్ల తప్పు మీదేసుకుని ఊరుకునే పిచ్చివాళ్లు ఇంకా ఉన్నారో లేదో తెలియదు...

మీ ఒంటి మీదా ఏదో ఒక మచ్చ ఉండే ఉంటుంది. అది ఎలా పడిందో ఇక్కడ రాయండి, నేను కూడబలుక్కుని అయినా చదువుతాను. ముందు మాత్రం ఇంట్లో పిల్లలకి చెప్పి ఉంచండి... ఇంకెవరో మైకులో చెప్పేలోపు.