ముట్లి సరస్సుకి ఎంతసేపు

మా ఆడపడుచు అపొలోనియా హెర్గెర్‌ని ఊళ్ళో అందరూ ప్లోనీ అంటారు. నేను వదినా అంటాను. ఆవిడకి డెబ్బై తొమ్మిది, నాకు డెబ్బై ఆరు. యాభై రెండేళ్ళుగా ఒకే గోడకి ఆవిడ అటు, నేను ఇటు. ఆవిడ కథ చెప్పాలంటే కాళ్ళ దగ్గరే మొదలుపెట్టాలి.

మా దేశంలో ఆడవాళ్ళకి ఓటు కూడా లేని రోజుల్లో ఆవిడ భుజానికి తపాలా సంచి తగిలించారు. ఉత్తరాలు పంచే మనిషి కాలు విరగ్గొట్టుకుంటే, అతను లేచేదాకా నాలుగు వారాలకని పెట్టుకున్నారు. ముప్ఫై నాలుగేళ్ళు నడిచింది. ఎండాకాలం పశువులూ కాపర్లూ కొండ మీదికి మేతకెళ్ళినప్పుడు వారానికి రెండుసార్లు ముట్లి దాకా ఎక్కేది. దారి మలుపుల్లో పసుపు పలకలుంటాయి, ఎక్కడికి ఎన్ని గంటలో రాసి. వాటిని చూస్తే ఆవిడకి నవ్వు. "అవి పట్నంవాళ్ళకే. నాకు అందులో పావువంతు తీసెయ్యి" అనేది. పెళ్ళి మాటెత్తితే, "నాతో సమానంగా నడిచేవాణ్ణి తీసుకురండి, చేసుకుంటా" అనేది. తేలేకపోయాం.

ముట్లి సరస్సు మా నెత్తిమీదే, పైన కొండల్లో ఉంది. అయినా ఇక్కడ పుట్టి, ఇక్కడే పెళ్ళాడి, ఇక్కడే పోయిన ఆడవాళ్ళలో సగంమంది దాన్ని చూడలేదు. పొయ్యి, పశువులు, పిల్లలు వదిలిపెడితే కదా! నేనూ చూడలేదు. ప్లోనీ వారానికి రెండుసార్లు చూసేది. ఒకరోజు సంచి దించుతూ అంది, "అంత నీలం అక్కడ ఊరికే పడుంది రెగీనా, నేనొక్కదాన్నే చూసి చూసి విసుగొచ్చింది." ఆ ఏడే ఆడవాళ్ళ సంఘంలో లేచి నిలబడి, ఆగస్టులో ఒక బుధవారం అందరం వెళ్తున్నాం అని చెప్పింది. అడగడం కాదు, చెప్పడమే. అప్పటినుంచి ఇరవై తొమ్మిది బుధవారాలు. బస్సెప్పుడు, పైకి ఎప్పుడు, తిండెప్పుడు, కిందికి ఎప్పుడు, అంతా ఒక కాగితం మీద ఆవిడే రాసేది. మేం ఆ కాగితం ప్రకారం నడిచేవాళ్ళం.

నిరుడు ఆ కాగితం తప్పింది. మాలో లీనా వెనకబడింది, ఆమె కోసం ఇంకో ముగ్గురు ఆగారు. కిందికి దింపే రోప్‌వే పెట్టె ఆఖరిది నాలుగింటికి. దాన్ని నడిపే వీసి మాకోసం ఇరవై నిమిషాలు ఆపాడు. ఆ ఇరవై నిమిషాల్లో వానొచ్చి అతని ఎండుగడ్డి తడిసింది. "ఈసారికి సరే పెద్దమ్మా. వచ్చే ఏడు నాలుగు కొట్టగానే కట్టేస్తా. పైనే పడుకోండి, మేకలు తోడుంటాయి" అన్నాడు. నవ్వుతూ అనలేదు.

ఈ వసంతంలో సంఘానికి జొలాండా అధ్యక్షురాలైంది. నలభై అయిదేళ్ళది, బ్యాంకులో పని. మంచి పిల్లే, కానీ ప్రతిదానికీ కాగితం కావాలంటుంది. మేం మొత్తం పందొమ్మిదిమందిమి, సగటున డెబ్బై నాలుగేళ్ళని లెక్కేసి మరీ చెప్పింది.

"ప్లోనీ పెద్దమ్మా, ఈసారి కింద వేడినీళ్ళ కొలనుకి పోదాం. కుర్చీలుంటాయి, రైలు గుమ్మం దాకా వెళ్తుంది."

"మేమేం పిల్లకాయలమా వేడినీళ్ళలో కూచోడానికి? స్నానం మా ఇంట్లో చేస్తాం."

"సరే, మీ మాటే కానీండి. ముందు మీరెళ్ళి నడిచి చూసి రండి. బస్సు ఎనిమిదీ నాలుగు నిమిషాలది. పెట్టెలో నలుగురేసి చొప్పున అందరూ పైకి చేరేసరికి పది. నాలుగింటికల్లా అందరూ కింద ఉండాలంటే రోప్‌వే నుంచి సరస్సుకి రెండు గంటలకి మించకూడదు. మించితే ముట్లి లేదు, ఇకమీదట ఎప్పుడూ లేదు. సాక్షిగా రెగీనా పిన్ని వెంట వెళ్తారు."

ప్లోనీ ఆమె వంక చూసింది. "రెండు గంటలా? నీ చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళినా రెండు గంటలు పట్టదే."

ఎక్కడికైనా జనాన్ని తీసుకెళ్ళేవాళ్ళు ముందు తాము నడిచి చూడాలి, గడియారం పెట్టుకుని. ఇది మా దగ్గర అందరికీ తెలిసిన కట్టుబాటు. ఇరవై తొమ్మిదేళ్ళలో ప్లోనీ ఎన్నడూ అలా చెయ్యలేదు. తన కాళ్ళకి తెలుసంటుంది.

సోమవారం మేమిద్దరమే వెళ్ళాం. పెట్టె దిగేసరికి తొమ్మిదింబావు. ఆవిడ తపాలావాళ్ళిచ్చిన చేతిగడియారం చూసుకుని, కాగితం మీద రాసుకుని బయల్దేరింది. మొదటి అరగంట నన్ను వెనక వదిలేసింది.

"వదినా, నీ వెనక ఉత్తరం కోసం ఎవరూ ఎదురుచూడ్డం లేదు, నెమ్మది."

"మాట్లాడితే ఊపిరి పోతుంది. నీకు ఎలాగూ తక్కువ."

మొదటి పలక దగ్గర నిలబడి గడియారం చూసి, "చూశావా" అంది. పలక కంటే అయిదు నిమిషాలు ముందున్నాం. నేను సంతోషించలేదు. ఆవిడ పెదాల చుట్టూ తెల్లబడింది. నలభై ఏళ్ళుగా ఆవుల ముఖాలు చూస్తున్నదాన్ని, ఏది ఎంతదూరం నడుస్తుందో నాకు తెలుసు.

రెండో గంటలో రాళ్ళ వాలు వచ్చింది. ఇక అక్కడినుంచి ఆవిడ ఇరవై అడుగులకోసారి ఆగింది. ఆగినప్పుడల్లా ఏదో సాకు: బూటు తాడు, దూరంగా అడవిమేక, లేని గద్ద. నేనూ ఆ లేని గద్దని చూశాను. వాగు మీద అడ్డంగా వేసిన బల్ల దాటగానే చతికిలపడి, పక్కటెముకల కింద చెయ్యి పెట్టి నొక్కుకుంది.

"నొప్పా?"

"కాదు, చీజ్ ముక్క అరగలేదు."

"పొద్దున్నుంచీ ఏమీ తిన్లేదు కదా నువ్వు."

పదకొండుంబావు అయింది. రెండు గంటలు నిండాయి, సరస్సు ఇంకా కనపడలేదు. ఆవిడ గడియారం చూసుకుని మణికట్టు మీదికి చొక్కా చెయ్యి లాక్కుంది. పైకి చూస్తే నైరుతి కొండల వెనక మేఘం తల ఎత్తుతోంది, కాలిఫ్లవరు పువ్వులా, అంచులు తెల్లగా. మధ్యాహ్నానికి అది ఏమవుతుందో మా ఇద్దరికీ తెలుసు.

"వెనక్కి పోదామా?"

"సాక్షివి నువ్వు, చూడ్డమే నీ పని. నడు."

సరస్సు చేరేసరికి పన్నెండూ అయిదు. రెండు గంటల యాభై నిమిషాలు. నీళ్ళు ఎప్పటిలాగే ఉన్నాయి, ఎవరికోసమూ కానట్టు. ఆవిడ ఒడ్డున కూచుని చేతులు నీళ్ళలో పెట్టి చాలాసేపు తియ్యలేదు. నేను రొట్టె కోసి, ఎండుసాసేజి కోసి, ఫ్లాస్కులోంచి కాఫీ పోసి ఒక చుక్క సారా కలిపాను. తాగింది, తినలేదు.

"వదినా, ఒక గంట యాభై అయిదు అని రాయి" అన్నాను.

నా వంక చూసింది.

"ఎవరు చూశారు? గద్దా? సాక్షిని నేను. నేను చెప్తే నమ్మరూ?"

కాగితం తీసింది, పెన్సిలు మొన నాలిక మీద తడిచేసుకుంది. ఏం రాసిందో నాకు చూపించలేదు. మడిచి లోపలి జేబులో పెట్టుకుని, "మేఘం చూడు, లే" అంది.

తిరుగుదారిలో గట్టు మీద ఉండగా మొదటి ఉరుము వినిపించింది. అక్కడ చెట్టు లేదు, కప్పు లేదు, మాకంటే ఎత్తయినది ఏదీ లేదు. ఊతకర్రలకి ఇనపమొన ఉంటుంది కదా, పిడుగుని లాగుతాయని వాటిని దూరంగా విసిరేశాం. సంచీల మీద గొంతుక్కూచుని, తలలు మోకాళ్ళలో పెట్టుకున్నాం. ఆవిడ మోకాళ్ళు వంగలేదు, కాళ్ళు చాపుకునే కూచుంది. వడగళ్ళు పడ్డాయి, చిన్న గోలీల్లాంటి హేజెల్ కాయలంత. వెలుగుకీ చప్పుడుకీ మధ్య నేను ఒకటి, రెండు అని లెక్కపెడుతున్నా. మూడు అనడానికి వ్యవధి లేదు. ఆవిడ పెదాలూ కదులుతున్నాయి. ప్రార్థన అనుకున్నాను.

ఇరవై నిమిషాలకి ఆ గాలివాన అవతలి లోయకి పోయింది. కర్రలు వెతుక్కుని, వడగళ్ళ మీద జారుతూ, రోప్‌వే దగ్గరికి చేరేసరికి నాలుగుకి పది నిమిషాలు తక్కువ. ఇద్దరం తడిసి ముద్దయ్యాం. వీసి బయట నిలబడి, కళ్ళకి దుర్భిణి పెట్టుకుని ఉన్నాడు. మమ్మల్ని చూసి తిట్టాడు. ఆ తిట్లు ఇక్కడ రాయను, భయపడ్డవాడి తిట్లు. ప్లోనీ అతని మోచెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్ళి ఏదో అడిగింది. అతను తల గోక్కుని, ఊపాడు. నాకు వినపడలేదు.

గురువారం సాయంత్రం సంఘం కూడింది. పందొమ్మిదిమందీ వచ్చారు, జలుబున్నవాళ్ళతో సహా. సోమవారం నుంచీ ఊరంతా అదే మాట. ప్లోనీ నాతో మూడురోజులు మాట్లాడలేదు. జొలాండా కాగితాలు సర్దుకుని, ముందు నన్నే అడిగింది.

"రెగీనా పిన్నీ, ఎంత పట్టింది?"

ప్లోనీ ముందువరసలో కూచుంది, వెనక్కి తిరగలేదు. ముప్ఫై నాలుగేళ్ళు మా ఊరి మంచీచెడూ మోసిన వీపు అది. దాన్ని వేడినీళ్ళ కుర్చీలో కూలెయ్యడం నా వల్ల కాలేదు.

"రెండు గంటలు" అన్నాను. "ఇంకా అయిదు నిమిషాలు తక్కువే."

ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. ప్లోనీ లేచింది.

"అబద్ధం" అంది. "మా మరదలికి నా మీద ఇంత ప్రేమ ఉందని ఇవాళే తెలిసింది. రెండు గంటల యాభై నిమిషాలు. ఇదిగో కాగితం."

నాకు చెవులదాకా మండింది. యాభై రెండేళ్ళలో నన్ను ఎవరూ నలుగురిలో అబద్ధాలకోరు అనలేదు. అన్నది ఎవరు, నేను ఎవరికోసం చెప్పానో ఆవిడే.

లీనా గొణిగింది, "నీకే రెండూ యాభై అయితే, నాకు?"

"అందుకే చెప్తున్నా. గట్టుమీద వడగళ్ళు పడుతుంటే మీ పేర్లు లెక్కపెట్టాను. పదిహేడుమంది. ఎవర్ని ఎక్కడ కూచోబెట్టాలా అని. చోటు చాల్లేదు."

గదిలో ఎవరూ దగ్గలేదు. జొలాండా గొంతు తగ్గించి, "అయితే పెద్దమ్మా, ముట్లి వద్దు కదా" అంది.

"ఎనిమిదీ నాలుగు బస్సుకి వద్దు. ఆరూ నాలుగు బస్సుకి వెళ్దాం. ఏడింటికి రోప్‌వే నడుపుతానని వీసి ఒప్పుకున్నాడు. మూడు గంటలు నడిచి పదకొండుకి సరస్సు, పన్నెండుకి లేచి, మేఘం రాకముందే గట్టు దాటతాం. మూడింటికి రోప్‌వే. నాలుగింటికి అందరం కింద."

అప్పుడు రేగింది గోల. ఆరింటి బస్సేమిటి, పొద్దున్న పాలెవరు పితుకుతారు, ఎనిమిదీ నాలుగు పెట్టుకున్నదే దానికోసం కదా, ఎప్పట్నుంచో అంతే కదా. ప్లోనీ చెయ్యెత్తి ఆపింది.

"పొద్దున్న పాలు పితికేవాళ్ళు చెయ్యెత్తండి."

నాలుగు చేతులు లేచాయి. లేచినవి అక్కడే ఆగాయి. లీనా తన చెయ్యి తనే చూసుకుని దించేసింది. ఆమె ఆవుల్ని అమ్మి పదకొండేళ్ళయింది. రెండోదీ, మూడోదీ దిగాయి. మిగిలింది నాది. ఇన్నేళ్ళుగా ఊరంతా లేని ఆవుల కోసం ఎనిమిదీ నాలుగు దాకా ఆగుతోంది. ఉన్నవి నాలుగే, నావి.

అందరూ నా వైపు తిరిగారు. ప్లోనీ మాత్రం తిరగలేదు. అడగదు. అందరిముందు నన్ను అబద్ధాలకోరుని చేసి, ఇప్పుడు అడగడానికి ఆవిడకి నోరు రాదు, వచ్చినా అడగదు. నేను వద్దంటే కథ అక్కడితో సరి. వద్దనడానికి నాకు హక్కుంది, కారణమూ ఉంది, ఒంట్లో మంటా ఉంది.

జొలాండా అంది, "పిన్నీ, ఒక్కరోజుకి మా ఆయన్ని పంపిస్తా. చిన్నప్పుడు పితికేవాడు."

"మీ ఆయన చెయ్యి పడితే నా ఆవులు పాలు చేపవు. వారంరోజులు చేపవు."

"మరయితే?"

ప్లోనీ మెడ మీద నరం కొట్టుకోవడం కనపడుతోంది.

"రోజూ అయిదున్నరకి పితుకుతాను" అన్నాను. "ఆరూ నాలుగు బస్సు అందుకోవాలంటే నాలుగింటికి పితకాలి. ఒకేసారి గంటన్నర జరిపితే ఆవులు ఒప్పుకోవు. రోజుకి పది నిమిషాలు జరిపితే తొమ్మిది రోజులు. బుధవారానికి ఇంకా పన్నెండున్నాయి. రాసుకో, ఆరూ నాలుగు."

జొలాండా రాసుకుంది. ప్లోనీ కూచుంది, నెమ్మదిగా, కుర్చీ చెయ్యి పట్టుకుని.

మర్నాడు అయిదూ ఇరవైకి కొట్టంలోకి వెళ్ళాను. నాలుగు ఆవులూ నన్ను దొంగని చూసినట్టు చూశాయి. రెండోది తన్నింది కూడా. బాల్చీ మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, చెంప దాని డొక్కకి ఆనించి, చేపేదాకా కూచున్నాను. తలుపు దగ్గర నీడ పడింది. ప్లోనీ. కాళ్ళకి ఇంట్లో చెప్పులే.

"బుధవారం ముందు నువ్వు నడవాలి" అంది.

"ఇరవై తొమ్మిదేళ్ళుగా ముందు నువ్వేగా?"

"నా వెనక పరిగెత్తాలని అందరూ ఆయాసపడ్డారు. నీ వెనకైతే ఎవరికీ ఆ బాధ ఉండదు. నేను చివర లీనాతో వస్తా."

"నన్ను అబద్ధాలకోరు అన్నావు."

"అన్నాను. ఇంకోసారి చెప్తే ఇంకోసారి అంటా."

పాలధార బాల్చీ అడుగున మోగింది. ఆవిడ నిలబడే ఉంది, వెళ్ళలేదు. ఆ మూలనున్న రెండో బాల్చీ చూపించి, "ఊరికే నిలబడితే ఆవు బెదురుతుంది, అది కడిగి పెట్టు" అన్నాను. కడిగింది. సరిగ్గా కడగలేదు.