యాదగిరి పేరున్న థ్రెడ్

వీరభద్రస్వామి మీద ఒట్టేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి మాటా నిజం. దయ్యాలను నేనెన్నడూ నమ్మలేదు. క్యాంటీన్‌లో కూర్చుని పక్కవాళ్లను నమ్మించడం వేరే సంగతి.

బొంతపల్లి దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో కంప్యూటర్ల పని నాది. మందుల రసాయనాలు కాగే రియాక్టర్ల వేడిని కనిపెట్టుకుని ఉండే ప్రోగ్రాం నేనే రాశాను. ఒక్కో రియాక్టర్‌కు ప్రోగ్రాంలో ఒక్కో థ్రెడ్, అంటే విడిగా నడిచే ఒక్కో పాయ, తయారుచేశాను. అన్నీ ఒకేసారి, దేని పని అది చేసుకుంటూ పోతాయి. వాటికి నంబర్లు పెడితే ఎవరూ పట్టించుకోలేదు. అందుకే ఆ రియాక్టర్లను నడిపే ఆపరేటర్ల పేర్లు పెట్టాను. తెర మీద ‘యాదగిరి ఆగాడు’ అని పడితే షిఫ్టంతా పరుగెత్తేది. యాదగిరి నవ్వేవాడు.

"దినాం నన్ను సంపుతున్నరు గద సార్."

ఒకరోజు అతని రియాక్టర్ నుంచే ఆవిరి లీకైంది. పీల్చి పడిపోయాడు. సంగారెడ్డి ఆసుపత్రికి తీసుకుపోయి వెంటిలేటర్ మీద పెట్టారు. రియాక్టర్ మూసేశారు, దాని వేడి కొలిచే సెన్సర్ వైరు పీకేశారు. నేను అతని థ్రెడ్‌ను ఆపేశాను. ఒకసారి ముగిసిన థ్రెడ్ మళ్లీ లేవదు, కొత్తది చేసుకోవాల్సిందే. ప్రోగ్రాంలో దాన్ని తయారుచేసే వరసలు కూడా చెరిపేశాను.

మర్నాడు భోజనం చేసి వచ్చేసరికి, నడుస్తున్నవాటిలో ఆ పేరుంది. వైరు లేని సెన్సర్ నుంచి వేడి చూపిస్తోంది. మనిషి ఒంటికి ఉండేంత వేడి.

అప్పుడే బీమా కార్డు కోసం యాదగిరి భార్య అనసూయ వచ్చింది. తెర చూసింది.

"అన్నా, గది మా ఆయన పేరే గద? నడుస్తున్నదా?"

"నడుస్తున్నదమ్మా."

"అయితే బంద్ చెయ్యకుండ్రి. డాక్టర్లయితే ఆశ పెట్టుకోవద్దన్నరు."

వెనక నుంచి మేనేజరు వచ్చాడు. "ప్రోగ్రాం ఖరాబైంది, అంతే. మొత్తం బంద్ చేసి మళ్ల షురూ చెయ్."

అనసూయ నా కుర్చీ పట్టుకుని నిలబడింది. చేసేది లేక మొత్తం ఆపాను. పేర్లన్నీ పోయాయి. మళ్లీ మొదలుపెట్టగానే అన్నిటికంటే ముందు యాదగిరి పేరు వచ్చింది. ఆమె చేతిలో ఫోన్ మోగింది. యాదగిరి కళ్లు తెరిచాడట, మంచినీళ్లడిగాడట.

ఒట్టు వేశాను కాబట్టి ఒప్పుకుంటాను. ఇందులో ఒకటి కల్పించాను. పేరు రావడం నిజం, ఆ వేడీ నిజం. ఫోన్ రావడం కూడా నిజమే. అతను కళ్లు తెరవడం మాత్రం నా కల్పన; ఫోన్‌లో చెప్పింది అతను పోయాడని.

తర్వాత అతని చెప్పులు, టిఫిన్ డబ్బా తీసుకుపోవడానికి వచ్చినప్పుడు అనసూయ అడిగింది. "ఇంక నడుస్తున్నదా అన్నా?"

ఆగిపోయిందమ్మా అన్నాను.

ఆ పేరు ఆగలేదు, ఇంకా నడుస్తూనే ఉంది. ఎందుకో ఈ రోజుకీ నాకు తెలియదు.