మామ ఒప్పుకోని వేషం

మిర్యాలగూడ దగ్గర కాలువ పనుల్లో నీటిమట్టం చూపే కొలతపలకలకు రంగు వేయించడం నా ఉద్యోగంలో భాగం. మొన్న అవిసెనూనె అయిపోతే పనివాడొకడు సఫేదా అనే తెల్లరంగు పొడిని కొబ్బరినూనెలో కలిపేశాడు. కొబ్బరినూనె ఆరదు, పలకకు పనికిరాదు, డబ్బా పారబోయించాల్సిందే. కానీ రంగు చూద్దామని వంగినవాణ్ని చాలాసేపు లేవలేకపోయాను. అది వేషం కట్టిన మా రాజలింగం మామ ముఖం వాసన.

మామ అంటే మా అమ్మకు సొంత తమ్ముడు. సూర్యాపేటలో బట్టల దుకాణంలో కుదిర్చితే, అటుగా వచ్చిన పగటి వేషగాళ్ల వెంట వెళ్లిపోయి, హార్మోనియం, పాట, పదిమంది నడకలు, పదిమంది గొంతులు నేర్చుకుని, కొన్నేళ్లకు ఒంటరిగానే ఊళ్లు తిరగడం మొదలుపెట్టాడు. పంట కల్లాల మీదికొచ్చే చలికాలంలో గరిడేపల్లి పక్కనున్న మా ఊరికి వచ్చి, మా పశువుల కొట్టంలో పెట్టె దించేవాడు. పగటి వేషానికి తెర ఉండదు, దీపాలుండవు. పట్టపగలు సోదమ్మగానో సాధువుగానో ఇంటి ముందుకు వస్తే జనం నిజమేననుకుని మాట్లాడాలి, వడ్డించాలి, తిట్టాలి. చివరి రోజున రంగులేని ముఖంతో, మెడలో హార్మోనియంతో కల్లాల దగ్గరికి వచ్చి, ఏయే వేషం తనదో పాటలో ఒక్కొక్కటే ఒప్పుకోవాలి. ఆ ఒప్పుకోలుకే చేటెడు వడ్లు పోసేవాళ్లు. మామకు ఒక అలవాటుండేది. జనం అన్నిటికన్నా బాగా మోసపోయిన వేషాన్ని ఎవరో అడిగేదాకా చెప్పేవాడు కాదు.

ఆ రోజుల్లో పిల్లలమంతా చిర్రగోనె ఆట పక్కన పడేసి, ఉడికించిన అనపగింజల గుడాలు ఒడిలో పోసుకుని నములుతూ, వరిగడ్డి దుమ్ముకు ఒళ్లంతా దురదపెడుతున్నా లెక్కచేయకుండా, ఊళ్లోకి వచ్చిన ప్రతి కొత్తమనిషి వెంటా పడేవాళ్లం. వేషమా, మనిషా తేల్చాలి, అదే ఆట. చెవి వెనక రంగు అంటిందా, మెడ దగ్గర గీత పడిందా, గోళ్లు ముఖం వయసుకు తగ్గట్టున్నాయా, రాయి తగిలితే అరిచే గొంతు మారుతుందా అని చూసేవాళ్లం. ఒకసారి నిజమైన బైరాగి చెవి లాగి తన్నులు తిన్నాం.

రజాకార్లు పోయి మిలిటరీ వచ్చిన ఏడు మా ఆట పెద్దలకు పట్టుకుంది. కమ్యూనిస్టు సంఘం వాళ్లకు అన్నం పెట్టారని మిలిటరీ ఎవరిని ఎప్పుడు పట్టుకుపోతుందో తెలియదు, పట్టిచ్చాడని సంఘం వాళ్లు ఎవరిని బతకనివ్వరో తెలియదు. బావి దగ్గర మాటలు తగ్గాయి. కోదాడ నుంచి వచ్చిన చుట్టాన్నయినా ఏ దారిన వచ్చావని అడిగి గానీ మంచమెయ్యలేదు. మామ ఆ ఏడు పోలీసు వేషం మానేశాడు.

మామ ఊళ్లో వేషాలు కడుతున్న ఆ రోజుల్లోనే గాజుల వరసలు కట్టిన మలారం భుజాన వేసుకుని ఒకడు వచ్చాడు. మా వెనకింటి లచ్చమ్మ తన కోడలికి గాజులు వేయిస్తూ, సంఘంలో తిరుగుతున్న కొడుకు ఎల్లయ్య ఇంట్లో లేడెందుకని అతనడిగితే, తోటలో దాక్కున్నాడని నోరుజారి చెప్పేసింది. మరునాడు తెల్లారాక మిలిటరీ లారీ నేరుగా ఆ తోటకే వెళ్లి ఎల్లయ్యను ఎక్కించుకుపోయింది.

గుసగుసలు మొదలైనా మామ చివరి రోజు పాట మానలేదు. మానితే పారిపోయాడంటారని అమ్మే పొమ్మంది. కల్లంలో సోదమ్మ తనేనని పాడాడు, పిచ్చిసాధువు తనేనని పాడాడు. ఎవరూ నవ్వలేదు. చేటతో ధాన్యం ఎత్తుతున్న లచ్చమ్మ ఆగింది.

"గాజులోని ఏషం సెప్పకపోతివేందిరా?"

"అది నాది గాదక్కా."

"అడిగేదాంక సెప్పవు గదా నువ్వు. ఇగ అడుగుతున్న. సెప్పు."

మామ హార్మోనియం మూసేశాడు. పెద్దమనుషులు తమలో తాము మాట్లాడుకుని, రేపు పొద్దున చావడి ముందు గాజులాయన వేషం కట్టి చూపించాలన్నారు. ఆ మనిషితో మాట్లాడిన లచ్చమ్మే తేల్చాలి. వాడూ వీడూ ఒకడేనని ఆమె అంటే తర్వాత ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు, చెప్పనక్కరలేదు.

ఆ సాయంత్రం మా ఇంట్లో మామ జొన్న గటక తింటూ, ఆ గాజులాయనను తాను మిర్యాలగూడ దారిలో ఒక బావి దగ్గర చూశానన్నాడు. చెయ్యి కడుక్కుని లేచి, అమ్మ పాతచీర మలారంలా మడిచి భుజాన వేసుకుని, అటు తిరిగి ఇటు తిరిగాడు. నడక, మెడ వంపు, పళ్ల సందుల్లోంచి వచ్చే ఆ మాట, గాజును ఎడమచేత్తో తిప్పుతూ ఎక్కించే తీరు, అన్నీ అతనివే. ఆ రోజే అతని దగ్గర గాజులు వేయించుకున్న మా అమ్మ లేచి తలుపు గడియ పెట్టింది.

"రేపు గిట్ల చెయ్యకు తమ్మీ," అంది.

మరునాడు మామ ఊరంతటి ముందు చేసిన వేషంలాంటి చెడ్డ వేషం నేను మళ్లీ చూడలేదు. మలారం జారింది, రంగు చెంప మీద ఆగింది, పాట శ్రుతి తప్పింది, గాజులు కుడిచేత్తో తొడగబోయి విరగ్గొట్టాడు. ముందు పిల్లలు నవ్వారు, తర్వాత మగవాళ్లు. లచ్చమ్మ మాత్రం నవ్వకుండా, అతని చేతులనే చాలాసేపు చూసింది.

"వాడు ఎడమచేత్తో ఎక్కిచ్చిండు. ఈనికి గాజు పట్టుడే రాదు. పోనియ్యున్రి," అని ఇంటికి వెళ్లిపోయింది.

మామ బతికాడు, ఆయన వేషం బతకలేదు. రాజలింగానికి వేషం కుదరదన్న మాట ఆయనకన్నా ముందే ప్రతి ఊరికీ చేరి, చేటెడు వడ్లు పోసేవాళ్లు లేకపోయారు. కోదాడ వెళ్లి నాటక కంపెనీల్లో హార్మోనియం వాయించాడు. మనుషులు తక్కువైనప్పుడు ముసలి తండ్రి పాత్రలు, కాపలావాళ్ల పాత్రలు వేశాడు. ఇప్పటికీ వేస్తున్నాడు. ఎల్లయ్య తిరిగి రాలేదు.

లెక్క తెగని విషయం నాకు నచ్చదు. బావి దగ్గర ఆ మనిషి ఎవరికైనా గాజులు వేస్తుంటే మామ చూసి ఉండవచ్చు, అప్పుడు ఎడమచెయ్యి సంగతి తెలుస్తుంది. తానే ఆ మనిషి అయినా తెలుస్తుంది. రెండు దారులూ ఒకేచోటికి చేరుతున్నాయి. నిరుడు కోదాడలో మామనే అడిగేశాను. ఆయన శ్రుతి సరిచేస్తూ, "మీ అమ్మ ఏమనుకుంటది?" అన్నాడు. తెలియదన్నాను. "గట్లయితే నేను సెప్పి ఏం లాభం రా," అన్నాడు.

అమ్మను అడిగితే ఒక్కటే చెప్పింది. "మంచిగ జేసుంటే సంపేటోళ్లు. గంత సెడగొట్టుడు సుత ఆనికి వచ్చునని నాకు తెల్వకపాయె."

ఇప్పుడు మా ఊరికి పగటి వేషాలు రావు. గాజులు గరిడేపల్లి దుకాణంలో దొరుకుతాయి. కల్లాల దగ్గర పాట లేదు, ఒప్పుకోలూ లేదు. కొత్తమనిషి వస్తే పిల్లలు తల తిప్పి కూడా చూడరు. ఏడాదికోసారి మామ వస్తే అమ్మ పీట వేసి, నెయ్యి పోసి అన్నం పెడుతుంది. పక్కన మాత్రం కూర్చోదు. ఆయన తిన్నంతసేపూ గడప దగ్గర నిలబడి ఆయన చేతులు చూస్తుంది.